డాక్టరు అడిగింది మా అమ్మని

మా అమ్మ జబ్బును నెల్లూరు డాక్టరు కనుక్కోలేకపోయారని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చుని మరీ అంటారు. ప్రతిదానికీ వాదించే నేను ఈ ఒక్కదానికి నోరు మెదపను కాబట్టి అది నిజమే అనుకుంటారు. నిజం కాదు. ఆయన అడిగారు. మొదటిరోజే, అమ్మ నోట్లోకి టార్చిలైటు వేసి చూడగానే అడిగారు.

అల్లూరు దగ్గర మాకు వరి పొలం. నాట్లప్పుడు అమ్మ కూలివాళ్ళతో పాటు పొలంలోనే ఉండేది. సముద్రపు గాలికి చుట్ట సరిగ్గా కాలదు, చేతులేమో బురదలో ఉంటాయి. అందుకని అక్కడి ఆడవాళ్ళు నిప్పున్న కొనను నోటి లోపలికి పెట్టుకుని, పెదాలు బిగించి తాగేవాళ్ళు. కాపురానికొచ్చిన కొత్తలో అమ్మ వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. నాన్న ఉన్నంతకాలం ఆయన చుట్ట వసారాలో, పదిమంది ఎదుట, కుర్చీలో కూర్చుని తాగే చుట్ట. అమ్మది పశువుల కొట్టం వెనక తాగే చుట్ట. వాసన ఇల్లంతా తెలిసేది. ఎవరూ మాటెత్తేవాళ్ళు కాదు.

నేను బి.ఏ. చదివాను. "మీ వైపు ఆడవాళ్ళు నిప్పు మింగుతారటగా?" అని కాలేజీ హాస్టల్లో ఒకమ్మాయి నవ్వింది. చదివిన పాఠాలు చాలా మర్చిపోయాను గానీ ఆ నవ్వు మర్చిపోలేదు.

పందొమ్మిదివందల అరవైల మొదట్లో నేను నెల్లూరులో ఆడపిల్లల హైస్కూల్లో టీచరుగా ఉన్నాను. కారం తింటే అంగిలి మండుతోందని అమ్మ బస్సెక్కి వచ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అంగిట్లో తెల్లటి మచ్చ, దాని మధ్య చింతగింజంత పుండు.

"చుట్ట తాగుతారా అమ్మా?" అని ఆయన అమ్మను అడిగారు.

అమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది. మూసి జవాబు చెప్పేలోగా నేను అందుకున్నాను.

"మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చుట్టలు తాగరండీ."

"చాలామంది తాగుతారమ్మా, తప్పేం లేదు. నాకు తెలియాలి, అంతే."

"తాగేవాళ్ళని అడగండి. పల్లెటూరావిడ కనబడితే చాలు, చుట్టేనా? మాకు వేరే జబ్బులు రాకూడదా?"

ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ తల వంచుకుని పైట సర్దుకుంటోంది. వాదన నేనే గెలిచాను. పుండు మీద పూయడానికి ఊదారంగు మందూ, విటమిన్ మాత్రలూ రాసిచ్చి, తగ్గకపోతే నెలకల్లా రమ్మన్నారు. తగ్గలేదు. మేమూ పోలేదు. పోతే మళ్ళీ అదే అడుగుతారని నాకు తెలుసు.

ఆరోజు బయటికొచ్చాక అమ్మ ఒక్కమాటే అంది. "నువ్వట్లా చెప్పినావు గదా, ఇంక తాగన్లేమ్మే."

అన్నట్టే మానేసింది. ఒంటి కోసం కాదు, నా అబద్ధాన్ని నిజం చెయ్యడానికి. నెల రోజులు నిద్రపట్టక, మా వదిన మీద ఊరికే విసుక్కుంటూ, ఖాళీ నోరు నములుకుంటూ కూర్చుందట.

ఎనిమిది నెలలకు పైపళ్ళు రెండు కదిలి ఊడిపోయాయి. అప్పుడు మద్రాసు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరుకి తెలుగొచ్చు. ఆయనా మొదట అదే అడిగారు.

"తాగదండీ," అన్నాను. అప్పటికది నిజమే మరి. నా తెలివి అంతటిది.

"ఇప్పుడు సరే. ఎప్పుడూ తాగలేదా?"

ఈసారి అమ్మ నాకు సందివ్వలేదు. "నలభై ఏండ్లు తాగినా నాయనా. నిప్పు లోపలికి పెట్టుకోని, రోజుకి నాలుగైదు. మానేసి ఎనిమిది నెలలాయ."

"మరి నెల్లూరులో ఈ మాట చెప్పలేదా?"

"ఆయన అడగలా," అంది అమ్మ.

నేను అడ్డొచ్చాను. "అడిగారండీ. నేనే చెప్పనివ్వలేదు."

ఆయన రాస్తున్న కాగితం మీదినుంచి తలెత్తలేదు. "అప్పుడే వచ్చుంటే ఆ కాస్తా కోసి తీసేవాళ్ళం. ఇప్పుడు కోసినా ఏమీ చెప్పలేం," అన్నారు.

వరండాలోకి వచ్చాక అమ్మ నన్ను తిట్టింది. "నిన్నెవురడిగినార్మే? పంతులమ్మవి, ఆయన ముందర చులకనైపోలా?"

అంగిలి సగం తీసేశారు. గంజి తాగితే ముక్కులోంచి వచ్చేది. మాటా ముక్కులోంచే వచ్చేది, నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. దాంతో డాక్టర్ల ప్రశ్నలన్నీ మళ్ళీ నా దగ్గరికే వచ్చాయి. ఈసారి అమ్మను అడిగి, ఆమె అన్నదే అన్నట్టు చెప్పేదాన్ని.

ఒక్కసారి మాత్రం అలా చెప్పలేదు. జబ్బు మెడలోకి దిగాక చూపించడానికి మద్రాసు వెళ్ళాం. "మళ్ళీ చుట్ట జోలికి పోలేదు కదా?" అన్నారు డాక్టరు. అమ్మ బల్ల కింద నా చెయ్యి గట్టిగా గిల్లింది. ముందువారం ఊళ్ళో ఒక కూలిమనిషిని అడిగి చుట్ట తీసుకుని, కొట్టం వెనక సగం తాగి, దగ్గొచ్చి పారేయడం నేను చూశాను. తాగలేదని చెప్తే పోయేదేమీ లేదు. ఆ స్థితిలో అది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు.

"పోయినవారం ఒకటి తాగిందండీ. సగం."

"సరే," అన్నారాయన. రాసుకోను కూడా లేదు.

రైల్లో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆరోజూ, మర్నాడూ నాతో మాట్లాడలేదు. గంజి మా వదిన చేతనే పట్టించుకుంది. మూడోరోజు నేను తీసుకెళ్తే, చల్లారిపోయిందని నా మీద కేకేసింది. గదిలో ఉన్న మిగతావాళ్ళకు ఏమందో అర్థం కాలేదు. నేను వెళ్ళి వెచ్చచేసి తెచ్చాను.

ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది.