చివరి పాఠానికి చోటు

అచ్చాఫీసులో ఆవిడ అందరికీ అక్క. ఓనరు ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడు, అయినా అక్కా అనే పిలుస్తాడు. ముప్పై ఏళ్ల కిందట చేరిన రోజున ఎవరో అలవాటుగా అన్న మాట అలాగే అతుక్కుపోయింది. కిటికీ పక్క, పేజీలు కూర్చే కంప్యూటరున్న బల్ల ఆవిడది. పొద్దున్నే ఎండ వచ్చి కీబోర్డు మీద కూర్చుంటుంది. పదింటికి అది లేచి గోడ మీదికి వెళ్తుంది, అప్పటికి ఆవిడ చేతులు పనిలో పడతాయి. కాగితం ఇరుక్కోకుండా ప్రూఫులు బయటికొస్తే ప్రింటరు వీపు తట్టి, "చల్లగా ఉండు తల్లీ" అంటుంది. ప్రూఫులు దిద్దే కళ్లద్దాలాయన, ఇన్నేళ్లుగా కళ్లు పోగొట్టుకుంటున్న తనకు మాత్రం ఒక్క దీవెనా దక్కలేదని సణుగుతాడు.

ఆవిడ వాడే కూర్పు పద్ధతిలో బొమ్మను గీయరు, చెబుతారు. ఇక్కణ్ణుంచి కుడికి నాలుగు గళ్లు వెళ్లు, దారిలో ఒక స్విచ్చి పెట్టు, కిందికి దిగు, అక్కడొక దీపం పెట్టు అని ఒక్కో మాటా టైపు చేయాలి. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఇల్లు చూపించినట్టే. చెప్పడం అయ్యాక తెర మీద సర్క్యూటు నెమ్మదిగా విచ్చుకుంటుంది. దీపమంటే సున్నాలో ఇంటూ గుర్తు. బ్యాటరీ అంటే ఒక పొడుగు గీత, పక్కనే ఒక పొట్టి గీత, ఫొటోకి నిలబడ్డ అన్నదమ్ముల్లా. రెండు తీగలు కలిసే చోట ఒక నల్లచుక్క. చుక్క ఉంటే ఆ తీగలు కలిశాయని, లేకపోతే ఒకదాని మీదుగా ఒకటి దాటిపోయాయని అర్థం.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఒక మాస్టారు గుడ్డసంచీతో వచ్చారు. ముప్పై మూడేళ్లు వైరింగు పని నేర్పి రిటైరైన మనిషి. సంచీలో చేత్తో రాసిన నాలుగు నోటు పుస్తకాలు, వాటిలో పెన్సిలుతో గీసిన ఎనభై ఆరు బొమ్మలు. చదువు మధ్యలో ఆగిపోయి పనిలోకి వచ్చేవాళ్ల కోసం రాశానని, పెద్ద మాటలు ఎక్కడైనా దొర్లితే తీసేయమని చెప్పారు. ఆవిడ నెలన్నర కూర్చుని కూర్చింది. చివరి పాఠం పేరు 'ముట్టుకునే ముందు'. మెయిను ఎలా దించాలి, దించాక కరెంటు నిజంగా పోయిందో లేదో ఎలా చూడాలి, పక్కవాడికి షాకు కొడితే చేత్తో లాగకుండా ఏం చేయాలి, అదంతా అందులో ఉంది. అది టైపు చేస్తున్నంతసేపూ ఆవిడ కాళ్లు నేలకు ఆనకుండా కుర్చీ కమ్మీ మీదే ఉన్నాయట. తర్వాత తనే చెప్పుకుని నవ్వింది.

అంతా అయ్యాక లెక్క చూస్తే రెండు వందల ఇరవై ఒక్క పేజీలు. కాగితం తెచ్చింది రెండు వందల ఎనిమిదికి. పదహారు పేజీలకొక ఫారం చొప్పున పదమూడు ఫారాలు. మళ్లీ తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది, ఆ పుస్తకం వాడాల్సిన శిక్షణ తరగతులేమో పదిరోజుల్లో మొదలు. ఓనరు విషయ సూచిక మీద వేలు జరుపుకుంటూ వెళ్లి చివర ఆపాడు. ఆ పాఠం సరిగ్గా పదమూడు పేజీలు. తీసేస్తే కొలిచి కోసినట్టు సరిపోతుందన్నాడు.

మాస్టారు సంచీ పట్టీని వేలికి చుట్టుకుని విప్పారు.

"దానికోసమే మిగతా పుస్తకమంతా రాశానండీ" అన్నారు.

ఓనరు మంచివాడే, కానీ కాగితం లేనిదే మంచితనం ఏం చేస్తుంది. అక్క మధ్యలో కల్పించుకుని తనకు నాలుగు రోజులు ఇవ్వమంది. బొమ్మలు తగ్గిస్తే చోటు దొరుకుతుందని, దుప్పటి చిన్నదైతే కాళ్లే ముడుచుకోవాలని చెప్పింది.

మొదటి రోజు అన్ని బొమ్మల కొలతా సగానికి సగం చేసింది. ఆ పద్ధతిలో ఒక చమత్కారం ఉంది. కొలత తగ్గించమంటే అది తీగల పొడవునే తగ్గిస్తుంది, గుర్తులను ముట్టుకోదు. దాంతో తీగలు పొట్టివైపోయి స్విచ్చిలూ దీపాలూ ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చున్నాయి. కళ్లద్దాలాయన ఆ ప్రూఫు వెలుతురుకు పట్టి చూశాడు.

"అక్కా, నీ దీపాలన్నీ ఆఫీసు వేళ సిటీ బస్సెక్కినట్టున్నాయి. కండక్టరు ఎక్కడా?"

రెండో రోజు గుర్తులు కూడా బొమ్మతోపాటే తగ్గాలని ఇంకో మాట చేర్చింది. ఈసారి అన్నీ బుద్ధిగా ఒదిగాయి. రెండు వందల ఆరు పేజీలు. ఆవిడ ప్రింటరును రెండుసార్లు తట్టింది. మాస్టారికి ఫోను చేసి రమ్మంది.

ఆయన నిలబడే చూశారు. ఒక్కో పేజీ తిప్పుతూ, తీగ వెంట చూపుడువేలు నడిపిస్తూ నలభయ్యో బొమ్మ దగ్గర ఆగారు. వెనక్కి వెళ్లి ముందు బొమ్మలు మళ్లీ చూశారు. తర్వాత చాలా మెల్లగా, తప్పు తనదే అయినట్టు చెప్పారు.

"చుక్క కనపడడం లేదమ్మా."

ఆవిడ భూతద్దం తీసింది. నిజమే. బొమ్మతోపాటు చుక్కా చిన్నదైంది, గీత మందం మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది. చుక్క వెళ్లి గీతలో మునిగిపోయింది. కలిసిన తీగలూ దాటిన తీగలూ ఇప్పుడు ఒక్కలాగే ఉన్నాయి. బొమ్మల్లోని అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"మా వాళ్లు ఇది చూసే తీగలు కలుపుతారు" అన్నారు మాస్టారు. "చివరి పాఠం తీసేయండమ్మా. బొమ్మలు తప్పయిన పుస్తకంలో అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీరింత శ్రమపడ్డారు, అది చాలు నాకు."

ఆయన ఆ మాట అనకుండా కోప్పడి ఉంటే ఆవిడకు కాస్త తేలికగా ఉండేది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రపు వెలుగు ముందుగది గుమ్మందాకా వచ్చి ఆగింది. ఆ గదే భర్త కుట్టుకొట్టు. ఎవరో తండ్రి కోటు తెచ్చి కూతురికి సరిపడా చేయమని ఇచ్చారట, ఆయన దాన్ని బల్ల మీద పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని జరిగిందంతా చెప్పింది. ఆయనకు సర్క్యూట్లు తెలియవు. ఇంట్లో ఫ్యూజు పోతే టార్చి పట్టుకోవడం వరకే ఆయన పని. వింటున్నాడో లేదో అనుమానం వచ్చి ఆవిడ కసిరింది.

"నా గోడు మీకు పట్టదు కదా. కోటు కుదించడం తేలిక, నాలుగు పక్కలా కత్తిరించి పారేస్తే సరి."

ఆయన తలెత్తలేదు. "నాలుగు పక్కలా ఒకేలా తగ్గిస్తే అది కోటు కాదే, బొమ్మకు తొడిగే చొక్కా. భుజం దగ్గర ఒక లెక్క, నడుం దగ్గర ఒక లెక్క. గుండీలు అసలు ముట్టుకోను. మనిషి చిన్నదైనంత మాత్రాన వేళ్లు గుండీని వెతుక్కోవాలా ఏంటి?"

ఆవిడ లేచింది. స్టూలు కిందపడింది. ఏమైందని ఆయన అడిగాడు. ఏమీ లేదని, ఈ పూట వంట మీదేనని చెప్పి లోపలికెళ్లి ఆ కూర్పు పద్ధతి వివరాల పుస్తకం ముందేసుకుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో ఎక్కడో కూర్చుని ఎవరికో పనికొస్తుందని రాసిపెట్టిన పేజీలవి. ఆవిడకు కావలసింది అందులో ఉంది. రెండు కొసల గుర్తులకు ఒక కొలత, మూడు కొసల వాటికి వేరొక కొలత, చుక్కకు దాని సొంత కొలత. దేనికదే మార్చుకోవచ్చు. ఇన్నేళ్లుగా ఆ పేజీని దాటుకుంటూ వెళ్లింది తను. ఆ రాసినవాళ్ల ఇంట అందరూ బాగుండాలని మనసులో అనుకుంది.

మూడో రోజు పుస్తకం ఫైలు మొదట్లో నాలుగు వరసలు రాసింది. దీపాలూ స్విచ్చిలూ మునుపటిలో నూటికి అరవై వంతులకు. మీటర్లు కొంచెం పెద్దవిగా, లోపలి అక్షరం పట్టేలా. రాతల సైజు మార్చలేదు. చుక్క మాత్రం మునుపటికంటే పిసరంత పెద్దది. ఆ తర్వాత ఎనభై ఆరు బొమ్మల్లోనూ తీగల పొడవు ఒక్కొక్కటిగా చేత్తో సరిచేసింది. ఈ తీగ మూడు గళ్లు చాలు, ఆ మలుపు రెండు గళ్లు చాలు. నాలుగో రోజు మధ్యాహ్నానికి భుజం పట్టేసింది. కళ్లద్దాలాయన హాస్యమాడకుండా మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు.

రెండు వందల తొమ్మిది. ఒక్క పేజీ ఎక్కువ.

మాస్టారు వచ్చి మళ్లీ వేలు నడిపించారు. ప్రతి చుక్క దగ్గరా వేలు ఆగింది, ప్రతి దాటు దగ్గరా సాగిపోయింది. చివరిదాకా వెళ్లి కళ్లు తుడుచుకుని, పేజీలు సరిపోయాయా అని అడిగారు. ఒక్క పేజీ ఎక్కువైందని ఆవిడ చెప్పలేక చెప్పింది. ఆయన పుస్తకం ముందుకు తిప్పారు. మూడో పేజీలో ఆయన ఫొటో, కింద ఆయన జీవిత విశేషాలు ఉన్నాయి. ఆ ఫొటో కోసం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లానని మొదటి రోజే ఆవిడతో చెప్పారు.

"ఇది తీసేయండి" అన్నారు. "నా మొహం చూసి ఏ దీపమూ వెలగదు."

ఓనరు గట్టిగా నవ్వి, తర్వాత ఆ పేజీని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

తరగతులు మొదలైన రోజు మాస్టారు అక్కను రమ్మని కబురు పెట్టారు. అదొక పొడుగాటి రేకుల షెడ్డు. బల్లల మీద బోర్డులు, తీగలు, నూనె వాసన. పట్టపగలే లోపల పన్నెండు దీపాలు వెలుగుతున్నాయి. పాతికమంది చేతుల్లో కొత్త పుస్తకాలు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. పుస్తకం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది. చివరి నుంచి అన్నారు మాస్టారు.

ఆ అమ్మాయి వెనక పేజీలు తీసింది. బొమ్మ మీద వేలు పెట్టి తీగ వెంట జరుపుతూ, చుక్క దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ సాగి, మెయిను గుర్తు దాకా వెళ్లింది. పుస్తకం చంకలో పెట్టుకుని లేచి గోడ దగ్గరికి నడిచి పిడి కిందికి దించింది.

పన్నెండు దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి. రేకుల సందుల్లోంచి వచ్చే పగటి వెలుతురు మాత్రం మిగిలింది. చేతికి టెస్టరు తీసుకున్న ఆ అమ్మాయి ఒక్కో తీగనూ తాకి చూస్తూ ఉంది. గుమ్మంలో ఆవిడ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఎవరికో తనకే తెలియలేదు. ఆ మసక వెలుతురులో మిగతా అందరి చేతులూ, ఇంకా దేన్నీ ముట్టుకోకుండా, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాయి.