నాన్నగారి ప్రదక్షిణలు

మా నాన్నగారికి షుగరుందని అమలాపురం డాక్టరుగారు తేల్చినప్పుడు నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. తొంభైల్లో మాట. అప్పటికి లోకంలో నాకు తెలియని విషయం లేదని నా గట్టి నమ్మకం. అన్నం తగ్గించమన్నారు, రోజూ గంటసేపు నడవమన్నారు. అన్నం సంగతి అమ్మ చూసుకుంది. నడక బాధ్యత నేను నెత్తికెత్తుకున్నాను.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో పని లేకుండా నడవడం అంత తేలిక కాదు. గుమ్మం దాటి పది అడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు.

"ఎందాకండీ?"

"ఆయ్, ఊరికేనండీ. అలా నడుద్దామని."

"నడవడమేంటండీ బాబూ. ఎక్కండి, దింపేస్తాను" అని ఒకాయన మోపెడ్ ఆపేవాడు. ఇంకొకరు అరుగు మీంచి కాఫీకి పిలిచేవారు. కాదంటే వాళ్ళు నొచ్చుకుంటారని నాన్నగారి బాధ. మొదటి వారం ఆయన నడిచింది తక్కువ, తాగిన కాఫీలు ఎక్కువ.

ఉపాయం నాకే తట్టింది. ఊరి చివర రాజుల కాలంనాటి రాతి గుడి ఉంది. చుట్టూ విశాలమైన ఆవరణ, నేలంతా రాతి పలకలు. "గుళ్ళో ప్రదక్షిణలు చెయ్యండి నాన్నగారూ. దేవుడి చుట్టూ తిరిగేవాళ్ళని ఎవరూ ఆపరు" అన్నాను. ఆయన నవ్వి, "నిన్ను ప్లీడరీ చదివించాల్సిందమ్మా" అన్నారు.

ఆ నడక ఆయనకి బాగా పట్టింది. సాయంత్రం నాలుగింటికి గుడి తలుపులు తీసేసరికి అక్కడ ఉండేవారు. గోడ మీద చెక్కిన ఏనుగుల్లో ఏది ఏ వైపు తొండమెత్తిందో భోజనాల దగ్గర చెప్పేవారు. నది మీంచి గాలి వస్తుందట, చేలో చికాకులన్నీ రెండో ప్రదక్షిణకే పోతాయట. నిద్ర పట్టింది. షుగరూ దిగింది. డాక్టరుగారు మెచ్చుకుంటే ఆ మెప్పంతా నా ఖాతాలోనే వేసుకున్నాను. పెళ్ళయి రాజోలు వెళ్ళాక కూడా అత్తవారింట్లో ఈ కథ చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో పుట్టింటికి వచ్చి, ఆయనతోపాటు గుడికి వెళ్ళాను. పడమటి వైపు పలకలు పెనంలా కాగి ఉన్నాయి. నేను కాలు పెట్టి గెంతాను. మిగతా ఆడవాళ్ళూ మునివేళ్ళ మీద పరుగెడుతున్నారు. నాన్నగారు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నింపాదిగా నడుస్తున్నారు.

"కాలట్లేదా నాన్నగారూ?"

"అలవాటైపోయిందమ్మా."

ఎంత నిష్ఠ అనుకున్నాను. ఆ నిష్ఠ గురించి ఇంటికి వచ్చి అమ్మకి గొప్పగా చెప్పాను కూడా. పలకలు కాగి ఉన్న సంగతి ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాలుగోనాటికి అరికాలి కింద బొబ్బ చితికి వాసన వేసింది. అమలాపురం తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఆయన్ని కళ్ళు మూసుకోమని, గుండుసూదితో అరికాలు అంతా పొడిచి చూశారు. నాన్నగారు కదల్లేదు.

"పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయిందండీ. షుగరున్నవాళ్ళు వట్టికాళ్ళతో తిరగొచ్చా? అదీ ఈ ఎండల్లో?"

మాకెవరూ ఆ మాట చెప్పలేదు. మేమూ అడగలేదు. డాక్టరుగారు అడిగినప్పుడల్లా ఇన్నేళ్ళూ నడుస్తున్నారనే చెప్పాం గానీ, గుళ్ళో అని చెప్పలేదు.

మర్నాడు అమ్మ ఆస్పత్రికి వచ్చి, ఇదెలా జరిగిందని అడిగింది. నేను నోరు తెరవబోతే నాన్నగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"కొబ్బరితోటలో ఆకులు తగలబెట్టేరు కదే. బూడిదే కదా అని తొక్కేను. కింద నిప్పుంది" అన్నారు.

అమ్మ బయటికి వెళ్ళాక నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పబట్టే ఇన్నేళ్ళు హాయిగా తిరిగేను తల్లీ. కాలు గుళ్ళో కాలిందని మీ అమ్మకి తెలియకూడదు. నిన్నేమీ అనదు. కానీ నీ మొహం చూసినప్పుడల్లా గుర్తొస్తుంది."

ముందు రెండు వేళ్ళు తీశారు. తరవాత మోకాలి దాకా తీశారు. వానలు తగ్గకుండానే ఆయన పోయారు.

మా తోటలో ఆకులు ఊడ్చి తగలబెట్టే పని ఒక పెద్దాయనది. నాన్నగారికంటే వయసులో పెద్ద. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజునే అమ్మ ఆయన్ని పెరట్లోకి రావద్దంది. నాన్నగారు మంచం మీంచి, "పాపం, వాడేం చేసేడే" అని గొణిగారు గానీ, అసలు మాట విప్పలేదు. నాన్నగారు పోయిన పదకొండో రోజున ఆ పెద్దాయన వీధి గుమ్మం దగ్గర వానలో నిలబడి ఉన్నాడు. నేను ఒక్కదాన్నే ఎదురుపడ్డాను. తలగుడ్డ తీసి రెండు చేతులూ జోడించాడు.

"ఆరిపోయిందనుకున్నానండీ అమ్మాయిగారూ. నీళ్ళు కూడా చల్లేనండీ. అయ్యగారిని నా చేతుల్తో నేనే..." అని ఏడ్చాడు.

లోపల అమ్మ వడ్డన చేయిస్తోంది. ఆవిడకి వినపడనంత మెల్లగా, అది నీ వల్ల కాదని ఆయనకి ఒక్క మాట చెప్పొచ్చు. అడిగితే ఎవరి వల్లో కూడా చెప్పాల్సివస్తుంది. ఆయనకి ఆకు వేయించి, భోంచేసి వెళ్ళమన్నాను.