ఎడమ పెడలు

నా ఎడమ మోకాలు సగానికి మించి వంగదు. చిన్నప్పుడు మిరప బస్తాల ట్రాక్టరు మీద నుంచి పడ్డాను. అప్పటి నుంచీ అంతే. చిలకలూరిపేట శివారులోని పత్తి జిన్నింగు మిల్లుకి రోజూ కుంటుకుంటూ నడిచి వెళ్లేదాన్ని. సాయంత్రానికి కాలు వాచిపోయేది.

మా అన్నయ్యకి సైకిల్ షాపు ఉండేది. అందరూ మోటారు బళ్లు కొన్నాక పని తగ్గిపోయింది. ఒకరోజు నా నడక చూసి, "చెల్లాయ్, నిన్ను సైకిలెక్కిస్తా" అన్నాడు.

"వంగని కాలితో ఎట్టా తొక్కేది అన్నయ్యా?"

"మొదట్లో సైకిలుకి పెడళ్లే లేవంట. నేలని తన్నుకుంటా పోయేవాళ్లంట. తర్వాత ముందు చక్రానికి పెడళ్లు పెట్టారు, ఆనక చైను వచ్చింది. ఇన్నిసార్లు మారింది, నీ కాలికోసం ఇంకోసారి మారదా?"

పెడలు బిగించే కడ్డీ పొట్టిదైతే కాలు చిన్న చుట్టు తిరుగుతుంది, మోకాలు అంతగా వంగక్కర్లేదు. అన్నయ్య ఆలోచన అదీ. కోసి అతికిన మొదటి కడ్డీ వెల్డింగు దగ్గర విరిగింది. రెండోసారి కడ్డీ మధ్యలోనే కొత్త బెజ్జం వేశాడు. ఎడమ పెడలు బిగించే మర, అంటే స్క్రూ చుట్లు, తిరగేసి ఉండాలి, లేకపోతే తొక్కేకొద్దీ వదులైపోతుంది. ఆ మర కోసేవాళ్లు పేటలో దొరక్క, గుంటూరు లేత్ షాపు దాకా వెళ్లి కోయించుకొచ్చాడు.

మొదటి రోజు వెనకాలే పరిగెత్తుతూ, "తొక్కు, తొక్కు, ఆపమాక!" అని అరిచాడు. మిల్లు గేటు దాకా దిగలేదు నేను.

మూడేళ్లు తొక్కాను. పోయినేడు అన్నయ్య గుండెపోటుతో పోయాడు. షాపు సామానంతా పాత ఇనుములోకి వెళ్లింది. కొన్నాళ్లకి ఆ మర అరిగిపోతే ఇంకో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. మామూలు మర కోసి, కుడి పెడలు తెచ్చి బిగించబోయాడు.

"తిరగేసి కదా ఉండాలి?" అన్నాను.

"ఏదైతే ఏముందక్కా, గట్టిగా బిగిస్తాగా."

ఊరుకున్నాను.

నాలుగో రోజు హైవే మీద పెడలు ఊడిపోయి కిందపడ్డాను. వెనకొస్తున్న పత్తి లారీ బ్రేకు పడబట్టి ప్రాణం దక్కింది. కుడి మోకాలి చిప్ప పగిలింది.

ఇప్పుడు గేర్ల సైకిళ్లు, బ్యాటరీ సైకిళ్లు వస్తున్నాయి. మా మేనకోడలు ఫోనులో చూపిస్తుంది. ఎక్కాలంటే ఒక కాలన్నా సరిగా వంగాలి. నాకిప్పుడు రెండూ వంగవు. మిల్లులో నా చోటికి ఇంకొకామె వచ్చింది. ఇంట్లోనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటాను. తెలిసి కూడా ఆరోజు ఎందుకు ఊరుకున్నానో నాకిప్పటికీ తెలియదు.