రంగు చూసే కుర్చీ

హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సెక్కి వచ్చి, పటమటలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళుగా రాళ్ళను యాసిడ్‌లో కరిగిస్తున్నాడు హుమాయూన్. చమురు కోసం తవ్విన బావుల్లోంచి వచ్చే రాళ్ళవి. రాయంతా కరిగాక అడుగున మిగిలేది కోట్ల ఏళ్ళ నాటి పుప్పొడి. మైక్రోస్కోప్ కింద దాని రంగు చూస్తే చాలు. లేత పసుపైతే ఆ రాయికి భూమిలో వేడి సరిగా తగల్లేదు. గోధుమరంగుకు తిరిగితే చమురు పుట్టేంతగా కాగింది. నల్లబడిందా, మాడిపోయినట్టే.

రంగు చూసే ఆఫీసరు తొంభై నాలుగులో రిటైరైతే, రెండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నది హుమాయూనే. సంతకం మాత్రం మేనేజరు అబ్రహాము గారిది. కుర్చీ ఇక తనదేనని భార్య ఫిర్దౌస్‌కి చెప్పేశాడు కూడా. తీరా ఎమ్మెస్సీ చదివిన క్రిస్టినా వచ్చి అందులో కూర్చుంది.

హుమాయూన్ కడుపు భగ్గుమంది. ఆ పిల్ల నవ్వితే మంట, నవ్వకపోతే మంట. "గారూ" అని పిలిచినా వెటకారంలాగే వినపడేది. పైగా పని బాగా చేస్తుంది, ఒళ్ళు మండదా మరి!

పుప్పొడిలో చెత్త ఎక్కువుంటే నైట్రిక్ యాసిడ్‌తో శుభ్రం చేస్తారు. కానీ నైట్రిక్ తగిలితే రంగు వెలిసిపోతుంది. అందుకని ముందే నాలుగు చుక్కలు పక్కకు తీసి, రంగు చూడటానికి వేరే స్లైడ్ చేస్తాడు హుమాయూన్. ఒకరోజు మూడు వేల మీటర్ల లోతు రాయి వచ్చింది. ఆ వేరే స్లైడ్‌ని సొరుగులో పెట్టి, వెలిసిన స్లైడ్‌ని క్రిస్టినాకిచ్చాడు.

"హుమాయూన్ గారూ, అంత లోతులో ఇంత లేత పసుపేంటండీ? ఒక్కసారి మీరూ చూడండి" అని లేచి కుర్చీ ఇచ్చింది.

కూర్చున్నాడు. చూశాడు. "పసుపేనమ్మా" అన్నాడు.

రిపోర్టు వెళ్ళిపోయింది. ఆ వారమంతా అతనికి హాయిగా నిద్ర పట్టింది. సిగ్గు కూడా వేయలేదు.

తర్వాత ఇంకో ల్యాబ్ అదే రాయి బాగా కాగిందని తేల్చింది. అబ్రహాము గారు ఇద్దరినీ పిలిచారు.

"తప్పు నాదే సార్. ఆయన స్లైడ్‌లో లోపం ఉండదు. నేనే సరిగ్గా చూడలేదు" అంది క్రిస్టినా.

"అయితే రేపట్నుంచి రంగు హుమాయూన్ చూస్తాడు. నువ్వు కొన్నాళ్ళు యాసిడ్ గదిలో పని నేర్చుకో" అన్నారాయన.

మర్నాడు క్రిస్టినా నోటుబుక్కు పట్టుకుని అతని పక్కన నిలబడింది. "కాలేజీలో తయారుగా ఉన్న స్లైడ్లే చూశామండీ. మొదట్నుంచీ చెప్పండి."

చెప్పసాగాడు. కడగడం అయింది, వడకట్టడం అయింది. నైట్రిక్ సీసా మూత తీయబోతూ ఆగాడు. తప్పు నేర్పితే ఈ పిల్ల జన్మంతా తప్పే చేస్తుంది.

"దీనికి ముందు నాలుగు చుక్కలు పక్కకు తియ్యాలమ్మా. లేకపోతే రంగు వెలిసిపోతుంది."

రాసుకుంటున్న చెయ్యి ఆగింది. "ఆ రోజు తీశారా అండీ?"

"తీశాను" అన్నాడు హుమాయూన్. "నీకివ్వలేదు."