బొటనగోరంత ఆపిల్ ముక్క

హ్యూవన్ లోయలో, పళ్లు పెట్టెలకెత్తే షెడ్డులో, ఏవిస్ థోర్లీ ముప్పై ఒక్క ఏళ్లు ఆపిల్స్ ఏరింది. ఆమె పక్కనే నిలబడి నేనూ ఏరాను. బెల్టు మీద కదిలే పళ్లలో దెబ్బ తిన్నది నా కంటపడేలోపే ఆమె చెయ్యి అక్కడుండేది. ఆ పళ్లు గుర్రాలకూ పందులకూ వెళ్లేవి. మా లోయలో పశువులన్నీ అలాగే పెరిగాయి. పని మానేశాక ఆమె ఒక బూడిదరంగు కుందేలును తెచ్చుకుంది. పేరు టాన్సీ. దానికీ ఆపిలే పెట్టింది.

పక్కింట్లోకి గ్లెనిస్ వచ్చాక టాన్సీ మారింది. పెరట్లో వదిలితే వెళ్లి కంచె దగ్గర కూర్చునేది. గ్లెనిస్ ఒకప్పుడు పశువుల ఆసుపత్రిలో నర్సు. వారానికి రెండుసార్లు, గింజలు తీసిన బొటనగోరంత ఆపిల్ ముక్క కంచె సందులోంచి అందించేది. తక్కిన రోజుల్లో గుప్పెడు ఎండుగడ్డి. ఏవిస్ వంటింటి కిటికీలోంచి చూసేది. పిలిస్తే టాన్సీ చెవి కూడా తిప్పేది కాదు.

ఏవిస్‌కు పంతం వచ్చింది. సగం అరటిపండు పెట్టింది. మరునాడు ద్రాక్ష, ఆ మరునాడు పెద్ద పియర్ పండు. టాన్సీ అన్నీ తిని కంచె దగ్గరికే వెళ్లింది.

శుక్రవారం పొద్దున అది ఏమీ ముట్టలేదు. వీపు వంచుకుని మూల కూర్చుని పళ్లు నూరుతోంది. బోనులో ఒక్క పెంటిక లేదు. ఏవిస్ పక్కింటి గేటు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చింది. మూడోసారి తలుపు తట్టింది.

గ్లెనిస్ పొట్ట తడిమింది. పేగులు కదలడం లేదు, పండు ఎక్కువైతే కుందేలుకు ఇలాగే అవుతుంది, వెంటనే డాక్టరుకు చూపించాలంది. కారు తాళాలు తీసుకుంటూ ఏం పెట్టావని అడిగింది.

"గడ్డి."

"డాక్టరూ అదే అడుగుతాడు ఏవిస్. ఆయనకూ గడ్డే అని చెప్పి చంపుకుంటావా దాన్ని?"

ఏవిస్ నేలకేసి చూస్తూ ఒక్కొక్క పండు పేరూ చెప్పింది. ఎన్ని ద్రాక్షలో కూడా చెప్పింది.

"నా మీద కోపం దాని పొట్ట మీద తీర్చుకున్నావా?"

"నువ్వు పెట్టేది గోరంత. నేను పళ్లెం నింపినా నీ దగ్గరికే పోతోంది."

"గోరంతే కాబట్టి వస్తోంది, తల్లీ. కడుపు నిండినదానికి నీతో ఏం పని?"

డాక్టరు మందుతో రెండు రోజులకు టాన్సీ కోలుకుంది. మొదటి గడ్డిపరక గ్లెనిస్ చేతిలోంచే తింది. ఏవిస్ చూస్తూ నిలబడింది. తర్వాత, ఇక పండు ముక్క నేనే పెడతాను, నువ్వు పెట్టకు అంది. గ్లెనిస్ సరేనంది.

టాన్సీ ఇంకా కంచె దగ్గరికే వెళ్తోంది. ఏవిస్ మోకాళ్లు పట్టుకుని మెల్లగా పచ్చిక మీదికి దిగి కూర్చుంటుంది. పిలవదు. గోరంత ఆపిల్ ముక్క ఉన్న చెయ్యి చాపి ఉంచుతుంది.