టేపు మామ కుట్టిన పెరడు

ఈ వీధి దర్జీ ఒకసారి భూమిని కత్తిరించి, మడతపెట్టి, ఒక్క ముడత లేకుండా మళ్ళీ కుట్టేశాడు. నవ్వకండి, చూసినవాళ్ళున్నారు. సరే, భూమి మొత్తం కాదు, తన ఇంటి వెనక పెరడు మేరకే. ముడత లేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఒకటి పడింది. ఈ కథంతా ఆ ముడత గురించే.

దర్జీని అందరూ టేపు మామ అంటారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. స్నానానికి వెళ్ళినా తీయడంటారు గానీ అది గిట్టనివాళ్ళ మాట, తీసి కొక్కేనికి తగిలిస్తాడు. ముందు గది కొట్టు, వెనక గది కాపురం, దాని వెనక పెరడు. కొట్లో కత్తెర ఉండే చోట కత్తెర, సుద్ద ఉండే చోట సుద్ద ఉంటాయి. గుండీలు కూడా రంగుల వారీగా వేరు వేరు డబ్బాల్లో ఉంటాయి. పెరట్లో మాత్రం ఏది ఎక్కడుందో ఆ వస్తువుకే తెలియదు. కాలు విరిగిన ఇనప మంచం, పగిలిన సిమెంటు తొట్టి, ఏనాటివో గోనెసంచులు, వాటన్నిటినీ కప్పేస్తూ నడుమెత్తు పిచ్చిమొక్కలు. మూలన ఒక కొళాయి. దాని వాషరు అరిగిపోయి నీళ్ళు బొట్లుబొట్లుగా కారేవి. కింద బండ మీద పచ్చగా, నున్నగా, పట్టుగుడ్డలా నాచు.

“ఆ నాచు గీకండి. ఎవరో ఒకళ్ళు జారి పడతారు,” అని భార్య ఎన్నోసార్లు చెప్పింది.

“ఈ యూనిఫాంల సీజను అయిపోనీ,” అనేవాడు.

యూనిఫాంలు అయిపోయాయి. ఎవరో ఒకళ్ళు పడ్డారు. ఆ ఎవరో ఆవిడే.

తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో రాడ్డు వేసి, కుట్లు వేసి పంపారు. టేపు మామ ఆ కుట్లు చూసి, “దూరం దూరంగా వేశారు,” అని గొణిగాడు. ఎముక అతుక్కుంది. ఇక నడవాలి, నడవకపోతే కాలు కొయ్యబారిపోతుంది అన్నాడు డాక్టరు. ఎక్కడ నడుస్తుంది? వీధిలో మోటారు సైకిళ్ళు. ఇంట్లో మంచానికీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టదు. ఆవిడ చేతికర్ర పట్టుకుని వెనక గడప దాకా వచ్చేది, పెరటి వైపు ఒకసారి చూసేది, తిరిగి వెళ్ళి పడుకునేది. ఒక్కసారన్నా “నేను చెప్పలేదా” అనలేదు. అంటే బాగుండునని టేపు మామకి అనిపించేది. మిషను తొక్కుతూ చెవి అటే పెట్టి ఉంచేవాడు. వెనక గదిలోంచి కర్ర చప్పుడు రోజురోజుకీ తగ్గిపోతోంది.

ఒక ఆదివారం కూతురు వచ్చింది. తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని వంచి చూసింది. మోకాలు సగం కూడా వంగలేదు.

“నాన్నా, అమ్మని నాతో తీసుకెళ్తాను. మా అపార్టుమెంటులో లిఫ్టుంది, పొడుగాటి వరండా ఉంది. పొద్దున్నా సాయంత్రం నేను నడిపిస్తాను.”

“కొన్నాళ్ళు చూద్దాంలేవే.”

“ఏం చూస్తారు? నాచు సంగతీ కొన్నాళ్ళు చూద్దామనే అన్నారు.”

టేపు మామ సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కలేదు.

“వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను,” అంది కూతురు. “అప్పటికి అమ్మ ఈ గడప దిగి పెరట్లో నడిచిందా, ఇక్కడే ఉంటుంది. లేదా, సంచి సర్ది ఉంచండి. నేను అన్న మాట తప్పేదాన్ని కాదు.”

ఆమె వెళ్ళాక టేపు మామ భార్య మొహం చూశాడు. వెళ్ళాలని ఉందో, ఉండాలని ఉందో ఆ మొహంలో తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ మొహం చదవలేకపోవడం అదే మొదలు. వెళ్తే మళ్ళీ రాదేమోనన్న భయం ఆ పూటే ఆయనకి పట్టుకుంది.

కొట్టు తలుపుకి ‘సెలవు’ అని రాసిన అట్ట పలక వేలాడదీసి పెరట్లోకి దిగాడు. చేతిలో చిల్లర తప్ప లేదు. మనుషుల్ని పెట్టే స్తోమత లేదు. పిచ్చిమొక్కలు తనే పీకాడు, అరచేతులు బొబ్బలెక్కాయి. పాత సామాన్ల వాడికి ఇనప మంచం ఇచ్చేసి, ఆ వచ్చిన దానితో కొళాయికి కొత్త వాషరు, ఒక బస్తా ఇసుక తెచ్చాడు. నాచు గీకేటప్పుడు మాత్రం ఎవరూ చూడకుండా తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

పక్కింటి తాపీమేస్త్రీ గోడ మీంచి తొంగి చూశాడు. ఏ చుట్టరికం లేకపోయినా బావా అని పిలుస్తాడు.

“ఏం బావా, నిధి తవ్వుతున్నావా?”

“దారి వేస్తున్నా. నీ దగ్గర పగిలిన బండ ముక్కలేమన్నా ఉన్నాయా?”

“కూలగొట్టిన ఇంటివి ఉన్నాయి. ఊరికే ఇస్తాననుకున్నావా? నా రెండు ప్యాంట్లు నడుం దగ్గర వదులు చెయ్యాలి.”

“రెండేళ్ళుగా వదులు చేస్తూనే ఉన్నా బావా. ఇంక అందులో గుడ్డ లేదు, నువ్వే ఉన్నావు.”

బండలు వచ్చాయి. మేస్త్రీ పరుస్తానంటే టేపు మామ ఒప్పుకోలేదు. గడప దగ్గర్నుంచి మూల కొళాయి దాకా సుద్దతో గీత గీశాడు, జాకెట్టు మెడ వంపు గీసినట్టు. అడుగు తర్వాత అడుగు పడేలా, టేపు పెట్టి కొలిచి, ఇసుకలో ఒక్కో బండనీ కూర్చాడు. దారికి రెండు వైపులా ఇటుకలు ఏటవాలుగా పాతి అంచు కుట్టాడు. పగిలిన తొట్టిలో మట్టి నింపి మేస్త్రీ భార్య ఇచ్చిన గులాబీ కొమ్మ గుచ్చాడు.

“అడుగుకీ అడుగుకీ దూరం ఎక్కువైందేమో చూసుకో,” అన్నాడు మేస్త్రీ.

“మా ఆవిడ నడక నాకు చెప్తున్నావా? పెళ్ళైన కొత్తలో సినిమాకి వెళ్తే నేను వెనక పరిగెత్తేవాణ్ణి. ఆవిడ కొలతలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.”

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఎవరైనా పాత జాకెట్టు తెచ్చి “ఇదే కొలతకి కుట్టు మామా” అంటే టేపు మామ ససేమిరా ఒప్పుకోడు. “ఒళ్ళు నిన్నటిది కాదమ్మా, ఇటు తిరుగు,” అని మళ్ళీ కొలుస్తాడు. పోయినవారం కొలిచిన మనిషిని కూడా వదలడు. అలా కొలవనిది లోకంలో ఒక్క భార్యనే. అవసరమేముంది అనుకున్నాడు.

లోపలి నుంచి ఆవిడ అంది, “ఇన్నాళ్ళకి పెరటికి కొత్త చొక్కానా? నా మీద ఖర్చు పెట్టరని ఆశ వదిలేశాను, మట్టి మీద పెడుతున్నారు.” చాలా రోజుల తర్వాత ఆవిడ నోట్లోంచి వచ్చిన ఎత్తిపొడుపు అది. టేపు మామకి ప్రాణం లేచి వచ్చింది.

ఆదివారం కూతురు వచ్చేసరికి సంచి సర్ది తలుపు పక్కన ఉంది. సర్దింది ఆవిడే. ఎందుకు సర్దావని అడిగే ధైర్యం ఆయనకి లేకపోయింది.

“రా, ఒక్కసారి దిగు,” అన్నాడు.

ఆవిడ గడప మీద నిలబడి పెరడంతా చూసింది. గులాబీ కొమ్మని చూసింది. కొళాయి కింద బండని ఎక్కువసేపు చూసింది. కర్ర ఆనించి మొదటి బండ మీదికి దిగింది. రెండో బండ కోసం కాలు చాపింది. అందలేదు. ముడత పడింది ఇక్కడే. ఇంకొంచెం చాపింది. ఒళ్ళు ఊగింది. కూతురు ముందుకొచ్చి పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అలాగే నిలబడిపోయింది, వెనక్కి తిరగలేక, ముందుకి పోలేక, ఏటి మధ్య రాయి మీద చిక్కుకున్నదానిలా.

“ఇక చాలు నాన్నా,” అంది కూతురు. గట్టిగా కూడా అనలేదు.

భార్య కిందికి చూస్తూ అడిగింది. “ఇది ఎవరి కొలత?”

“నీదే.”

“నాదే. ఎప్పటిది?”

పెద్ద బట్ట తప్పు కత్తిరించినప్పుడు దర్జీకి చేతులు చల్లబడతాయంటారు. టేపు మామకి నిలువెల్లా చల్లబడింది. మెడలోంచి టేపు తీసి, ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“ఎంత పడితే అంత వెయ్యి. చాపకు.”

ఆవిడ అడుగు వేసింది. మడమ నుంచి మడమకి కొలిచాడు. టేపు తప్పు చూపించిందేమోనని మళ్ళీ కొలిచాడు. సినిమాకి వెళ్ళే దారిలో తనని పరిగెత్తించిన అడుగు ఇప్పుడు ఆయన జానెడంత ఉంది. టేపు మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. ఆవిడ కర్ర మీద బరువు మార్చుకుని, “రాసుకోండి, మర్చిపోతారు,” అంది.

రాసుకోలేదు. ఆవిడని గడప మీద కూర్చోబెట్టి బండలన్నీ పెకలించాడు. కుట్టు విప్పి మళ్ళీ కుట్టడం కొత్తగా కుట్టడం కంటే కష్టం, ఏ దర్జీనైనా అడగండి. ఒక బండ కూతురు కూడా పట్టింది. దగ్గర దగ్గరగా కూర్చేసరికి బండలు చాలలేదు. దారి కొళాయి దాకా పోలేదు, గులాబీ తొట్టి దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి వట్టి ఇసుక.

ఆవిడ లేచి నడిచింది. మెల్లగా, పెదవి కొరుక్కుంటూ తొట్టి దాకా వెళ్ళింది. కొళాయి వైపు చూసి వెనక్కి తిరిగింది. తిరిగి రావడానికి వెళ్ళినదానికంటే ఎక్కువసేపు పట్టింది. గడప ఎక్కాక కర్ర గోడకి ఆనించి అక్కడే కూర్చుంది.

“నడిచింది కదే,” అన్నాడు టేపు మామ.

“నడిచింది,” అంది కూతురు. “దారి పూర్తి కాలేదు కదా. వచ్చే నెల వచ్చి చూస్తాను. సంచి మాత్రం విప్పకండి.”

సంచి ఇప్పటికీ తలుపు పక్కనే ఉంది. ఆవిడకి కావలసినప్పుడల్లా అందులోంచే ఒక చీర తీసుకుంటుంది, ఉతికి మళ్ళీ అందులోనే పెడుతుంది. మేస్త్రీ ఎక్కడ ఇల్లు కూలగొట్టినా జేబులో ఒక బండ ముక్క వేసుకొస్తాడు. జేబులో కాదులెండి, భుజం మీద. ప్రతి కొత్త బండకి ముందు టేపు మామ మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ కొలుస్తాడు. కొన్నిసార్లు అడుగు కాస్త పెరిగి ఉంటుంది. కొన్నిసార్లు తగ్గి ఉంటుంది. తగ్గిన రోజు ఆయన కొట్లో ఎవరి కొలతా తీసుకోడు.

ఈ కథ ఆయన ముందు చెప్తే మిషను ఆపి, కళ్ళద్దాల పైనుంచి చూస్తాడు.

“నేనా? కొలత తప్పడమా? ఎవరు చెప్పారు మీకు, ఆ మేస్త్రీయేనా? మా ఆవిడ ఎక్కడా పడలేదు, నేనెక్కడా మోకాళ్ళ మీద కూర్చోలేదు. అసలు మాకు పెరడే లేదు.”