పై గడిలో తాత

మా చిన్నది వేలెత్తి పై అంతస్తు చూపించింది. ఇరాక్ సైన్యం ఈ అరబ్బు దేశంలోకి చొరబడ్డాక వారమంతా వినిపించిన తుపాకుల మోతకి కూడా నాకంత భయం వేయలేదు. సల్వా పేటలో మా బిల్డింగ్ గేటు దగ్గర ఇరాక్ సైనికుడొకడు, బందీలుగా పట్టుకుపోవడానికి ఇక్కడ తెల్లవాళ్లెవరైనా ఉన్నారా అని వాచ్‌మన్‌ని అరబిక్‌లో అడుగుతున్నాడు. చెంప తాకి, తెల్లటి గోడ చూపిస్తున్నాడు. నాలుగేళ్ల పిల్లకి ఆ సైగ అర్థమైపోయింది. నేను ఆ వేలు పట్టుకుని "అవునమ్మా, పావురాలే" అని గట్టిగా అంటూ చేత్తో రెక్కలాడించాను. సైనికుడు తలెత్తి చూశాడు. పిట్టగోడ మీద నిజంగానే రెండు ఉన్నాయి.

పైన ఉండేది డెన్మార్క్ పెద్దాయన. భార్య పోయాక తన వంశం వెతకడం మొదలుపెట్టాడు. వాళ్ల చర్చిల్లో రెండు మూడు వందల ఏళ్ల నాడు పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిన పుస్తకాల నకళ్లు తెప్పించుకుని, మనిషికో కార్డు నా చేత టైపు చేయించేవాడు. ఆ పెట్టె మా ఇంట్లోనే ఉండేది. మొదటి నెల నేను కార్డులన్నీ ఇంటిపేర్ల వారీగా కట్టలు కట్టి ఇచ్చాను. మా గోదావరి వైపు ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే కదా. ఆయన పగలబడి నవ్వాడు.

"మా ముత్తాతని వాళ్ల నాన్న దగ్గర్నుంచి లాగేశారు మీరు!"

పాతకాలంలో వాళ్లకి తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరట. తరం మారితే అదీ మారిపోతుందట. మరి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందని అడిగాను.

"బాప్తిస్మానికి సాక్షులుగా వచ్చినవాళ్లని బట్టి. పక్కన ఎవరు నిలబడ్డారో చూస్తే మనిషి దొరుకుతాడు" అన్నాడు.

సైనికుడు వచ్చిన రోజు సాయంత్రం వాచ్‌మన్ తలుపు తట్టాడు. కడప మనిషి. మా ఆయన సెలవుకని ఇండియా వెళ్లి అక్కడే చిక్కుకుపోయాక నాకు మంచీచెడూ చెప్పేది అతనొక్కడే.

"అక్కా, రేప్పొద్దున ఇల్లిల్లూ వెతుకుతారంట. ముసలాయన్ను వేరే తావుకి పంపించినా. యాడికని అడగొద్దు. దాపెట్టినోళ్లు దొరికితే ఖలాస్, కాల్చేస్తారంట. ఆయన కాయితాలు నీ కాడ ఏమన్నా ఉండాయా?"

"ఒక పెట్టెడు ఉన్నాయి."

"పెట్టెడా! వాళ్ల తాతలు ఎప్పుడో సచ్చి ఇప్పుడు మనల్ని సంపేట్టుండారే."

కాలిస్తే పొగ కనిపిస్తుంది. కార్డులూ నకళ్లూ బకెట్లో నానబెట్టి, చపాతీ పిండిలా పిసికి ముద్దలు చేశాను. నకళ్లు మళ్లీ దొరకొచ్చు. ఎవరు ఎవరి కొడుకో తేల్చుకుని ఆయన మూడేళ్లుగా కార్డుల మీద పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు దొరకవు. అడుగుదామంటే ఆయన లేడు. నా పిల్లలిద్దరూ పక్క గదిలో ఆడుకుంటున్నారు. ఆ పెద్దాయన బతికున్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఇన్నాళ్ల తర్వాత, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ కూడా లేచి తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.

ఆ రాత్రి చివర్లో మా పెద్దాడి నోట్‌బుక్ కనిపించింది. ఆయన నేర్పినట్టే వంశవృక్షంలా గడులు గీసి, అమ్మ, నాన్న, చెల్లి అని రాసుకున్నాడు. అన్నిటికంటే పై గడిలో "డెన్మార్క్ తాత". రబ్బరుతో తుడిచాను. నొక్కి రాశాడేమో, అక్షరాలు పోలేదు. పేజీ చింపి బకెట్లో వేశాను.

పొద్దున్నే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

"పై ఇంట్లో ఎవరూ లేరు. మనకి ఏ తాతా తెలియదు. ఎవరడిగినా ఇదే చెప్పాలి."

"నా బుక్కులో ఉన్నాడు కదమ్మా" అన్నాడు పెద్దాడు.

"లేడు నాన్నా" అన్నాను. "తీసి చూసుకో."